కుక్క పెంటలో పొర్లి వస్తే ఏం చెయ్యాలి?

(సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుని ప్రసంగ పాఠం)



పొద్దుటినుంచీ డి.ఏ. బకాయిల గురించి, పెన్షను రివిజను గురించి విన్న మీకు, నేను పెంట గురించి మాట్లాడతానంటే నవ్వు రావచ్చు. నవ్వండి, ఫరవాలేదు. కాని కార్యదర్శిగారు నాకీ అంశం ఊరికే ఇవ్వలేదు. మనలో చాలామంది పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. ఇంట్లో మిగిలింది ఇద్దరు ముసలివాళ్ళు, ఒక కుక్క. ఊరి చివర ప్లాట్లలో ఇళ్ళు కట్టుకున్నాం. వెనకాల పొలాలు, తుప్పలు. నక్కలు, అడవిపందులు, పునుగుపిల్లులు మనకంటే ముందునుంచీ అక్కడి కాపురస్థులే. మన కుక్క తెల్లారగానే వాటి పెంటలో పొర్లి, ఏదో ఘనకార్యం చేసినట్టు తోక ఊపుకుంటూ వస్తుంది. సంగతి తెలిసి, "దాన్నెక్కడైనా వదిలెయ్యండి నాన్నా" అంటారు పిల్లలు ఫోనులో. ఆ అవసరం లేదని చెప్పడానికే నేను నిలబడ్డాను.

ఎందుకు పొర్లుతుందంటే శాస్త్రజ్ఞులే ఇంకా ఒక మాటమీదికి రాలేదు. తోడేళ్ళూ ఇదే పని చేస్తాయి. కనుక కొట్టి ప్రయోజనం లేదు.

అలా రాగానే అందరూ చేసేది బకెట్టుడు నీళ్ళు గుమ్మరించడం. అది వద్దు. నీళ్ళు పడితే పెంట పలచబడి వెంట్రుకల మొదళ్ళదాకా దిగుతుంది. కుక్కను ఆరుబయట కట్టేసి, చేతులకు రబ్బరు తొడుగులు గాని, అవి లేకపోతే ప్లాస్టిక్ సంచులు గాని తొడుక్కుని, పాత న్యూస్‌పేపరుతో ముందు గట్టిదంతా తీసెయ్యండి. ఆ తర్వాతే గోరువెచ్చని నీళ్ళు, కుక్కల షాంపూ. ఒకసారి చాలదు, రెండుసార్లు రుద్దాలి. పైపు జోరుగా పెడితే తుంపర్లు మన మొహాన పడతాయి, చెంబుతో పొయ్యండి. మెడ కింద, చెవుల వెనక, కాలివేళ్ళ సందుల్లో చూడండి. కళ్ళలో పడితే ఒట్టి నీళ్ళతో కడగాలి. మెడపట్టీ సంగతి చాలామంది మరిచిపోతారు. వాసన సగం అందులోనే ఉంటుంది! ఫినాయిలు, యాంటిసెప్టిక్ లోషన్లు దాని ఒంటికి రాయకండి. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, విషం కడుపులోకి పోతుంది.

అయితే అసలు భయపడవలసింది వాసన వచ్చే పెంటకు కాదు, కంటికి కనబడని మూత్రానికి. పందికొక్కు (ఇంగ్లీషువాళ్ళ 'బాండికూట్' మన తెలుగుమాటే సుమండీ), ఎలుక తమ మూత్రంలో లెప్టోస్పైరా అనే క్రిమిని వదులుతుంటాయి. అదే ఎలుక జ్వరం. దీని తీవ్రరూపాన్ని 1886లో జర్మను వైద్యుడు అడాల్ఫ్ వైల్ వర్ణించాడు. ఈ క్రిమి తడినేలలో, నిలవనీటిలో వారాల తరబడి బతుకుతుంది. ఎండి ఆరిపోతే చస్తుంది. చర్మం పగుళ్ళగుండా, కళ్ళగుండా, నోటిగుండా లోపలికి పోతుంది. షుగరు జబ్బుతో పాదాలు పగిలినవాళ్ళు మనలో ఎంతమంది లేరు? వానాకాలం చెప్పులు లేకుండా పెరట్లోకి దిగకండి.

నేను కోస్తాలో పనిచేసే రోజుల్లో రిటైరైన మాస్టారొకరు తన కుక్కను రిక్షాలో వేసుకొచ్చారు. మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు, వాంతులు. కనురెప్ప ఎత్తి చూస్తే పసుపు. పెరట్లో గడ్డివామి కింద పందికొక్కుల బొరియలున్నాయట, రోజూ అక్కడే తవ్వేదట. పెనిసిలిన్ ఇచ్చాం, సెలైన్ ఎక్కించాం. మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నాయి, దక్కలేదు. ఆయన కండువా నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. "మాస్టారూ, ఈ నెలరోజుల్లో మీ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా కుక్క సంగతి డాక్టరుగారికి చెప్పండి" అని చెప్పి పంపాను. వారం తిరక్కుండా ఆయనకే జ్వరం, పిక్కల్లో భరించరాని నొప్పి, కళ్ళెర్రదనం. కుక్క సంగతి చెప్పారు గనుక డాక్టరు వెంటనే తగిన మందు మొదలుపెట్టాడు, కోలుకున్నారు. మరుసటి ఏడు కుక్కపిల్లను చంకనబెట్టుకుని టీకాకు నా దగ్గరికే వచ్చారు.

ఆ టీకా ఏటా వేయించాలి. కార్డుమీద డి.హెచ్.పి.పి.ఐ. అక్షరాల పక్కన 'ఎల్' ఉందో లేదో చూడండి. ఆ 'ఎల్' దీనికే. అన్ని రకాల క్రిములకూ అది అడ్డు కాదు గాని, లేకపోవడం కంటే ఎంతో నయం.

వరండాలో గబ్బిలాల పెంట పడుతుంటే పొడిగా చీపురుతో ఊడవకండి, ఆ దుమ్ములో బూజుక్రిములుండవచ్చు. తడిపి, మూతికి గుడ్డ కట్టుకుని ఎత్తండి. నేల కడగడానికి బ్లీచింగు మంచిదే గాని దాంట్లో యాసిడ్ కలపకండి, విషవాయువు వస్తుంది.

పెంటవల్ల పిచ్చికుక్క వ్యాధి వస్తుందా అని మా వీధిలో ఒకరడిగారు. రాదు. అది కాటువల్ల, చొంగవల్ల వచ్చేది. నక్కతోనో ముంగిసతోనో పోట్లాడి గాయంతో వస్తే మాత్రం సబ్బుతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ గాయాన్ని ముట్టుకునేటప్పుడూ తొడుగులుండాలి.

పొర్లడమే కాకుండా తిన్నదని తెలిస్తే వాంతి చేయించబోకండి. కొద్దిరోజుల తర్వాత దాని మలం పరీక్ష చేయించి, నులిపురుగుల మందు దాని బరువునుబట్టి వెయ్యాలి. కుక్క మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తెయ్యండి. అందులోని ఏలికపాము గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి సుమారు రెండు మూడు వారాలు పడుతుంది. సెలవులకు మనవలు వచ్చి ఇసుకలో ఆడుకునేలోగా పెరడు శుభ్రంగా ఉండాలి.

భోజనాలకు వేళయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఇలాంటి ఉపన్యాసం తర్వాత భోజనమా అనకండి. మీ కుక్కల టీకా కార్డులు తెచ్చినవారుంటే తిన్న తర్వాత నాకు చూపించండి.