బాలుర కలహములు – కథాశ్రవణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



బడి విడిచిన వేళ పిల్లలు వెలుపలికి వచ్చు తీరును గమనించినచో, గోడ ప్రక్కగా ఒదిగి నడచు బాలుడొకడు కానవచ్చును. వాని సంచిని లాగి బురదలో వైచినవాడు ముందు నవ్వుచు పోవుచుండును. ఇంట చెప్పుకొన్నచో “నీవును రెండు తగిలించి రాకపోతివా?” యందురు, ఉపాధ్యాయునితో చెప్పినచో మరునాడు దెబ్బలు రెట్టింపగును. కావున వాడు నోరు మెదపడు. ఈ మౌనమును విప్పు సాధనమేది?

ఇది క్రొత్త వ్యాధి కాదు. భారతవైరమునకు బీజము బాలుర ఆటలలోనే పడినది. ఆదిపర్వమున భీముడు ధృతరాష్ట్ర కుమారులను జుట్టుపట్టి యీడ్చును. జలక్రీడలయందు పదుగురిని ఒక్కమారుగా పట్టి, ఊపిరాడక తల్లడిల్లువరకు ముంచి విడుచును. వారు పండ్లకై చెట్టెక్కినచో మొదలు తన్ని, పండ్లతోపాటు వారిని గూడ రాల్చును. అది బాల్యచాపల్యమే కాని ద్రోహబుద్ధి కాదని వ్యాసుడు స్పష్టముగా పలికెను. అయినను, క్రిందపడినవాని ఎముకలకు ఆ భేదము తెలియునా? ఒకనికి వినోదమైనది దుర్యోధనునకు పగయైనది. ఆ పగయే ప్రమాణకోటియందు విషమై భీముని భోజనమున కలిసినది. భీముడు బ్రతికివచ్చి జరిగినది చెప్పగా, ఈ మాట బయట పెట్టవలదని ధర్మరాజు వారించెను. ఇరుపక్షములను మౌనమే! చెట్టు క్రింద నిలిచి, “పైనున్నవాని భయము నీవెరుగుదువా?” యని భీము నడిగిన పెద్ద ఒక్కడును ఆ ఘట్టమున కానరాడు.

బెత్తమునకు ఈ మౌనమును విప్పు శక్తి లేదు. బలవంతుడు బలహీనుని కొట్టవచ్చునను పాఠమునే అది మరల నేర్పును. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది. బెత్తము విడిచిన చేతికి మరియొక సాధనము కావలెను గదా!

న్యాయవాదవృత్తిని విడిచి శిశువిద్యకు అంకితుడై, 1920లో గుజరాతునందలి భావనగరమున బాలమందిరమును నడపిన గిజుభాయి బధేకా ఆ సాధనము కథయే యని నమ్మెను. ఆయన ‘దివాస్వప్నము’లోని ఉపాధ్యాయుడు తొలినాడు నాలుగవ తరగతి పిల్లలచే నిశ్శబ్దపుటాట ఆడింపబోయి, వారి అల్లరికి ఓడిపోవును. మరునాడు కథ ఆరంభింపగనే ఆ పిల్లలే చెవులొగ్గి కూర్చుందురు.

అయితే కథ వినిపించినంతనే కలహము శమింపదు. గదాఘాతములనే పొగడి చెప్పినచో, విన్న బాలుడు కఱ్ఱ పుచ్చుకొని వీథిలోనికి పరుగెత్తును. చెట్టు ఘట్టమువరకు చెప్పి ఆగవలెను. పిల్లలు మొదట నవ్వుదురు, నవ్వనిండు. పిమ్మట, “కొమ్మ ఊగునప్పుడు పైనున్నవాడు ఏమనుకొనెను?” అని అడుగవలెను. అప్పుడు ఏ బాలునివైపును ప్రత్యేకముగా చూడరాదు. తన దెబ్బలను చెప్పుకొనలేనివాడు కౌరవబాలుని భయమును చెప్పగలడు. కొట్టినవాడు తన పేరు బయటపడకయే ఆ మాట వినగలడు. కథలోని గొప్ప ఉపకారమిదియే. తరువాత, “అప్పుడే ధర్మరాజు ఏమి చేసియుండవలెను?” అని అడిగి, సమాధానమును పిల్లలకే విడువవలెను. నీతిని పెద్దలు ముందుగా చెప్పివేసినచో పిల్లల ఆలోచన అక్కడితో ఆగిపోవును. ఇక నిజముగా దెబ్బలు పడుచున్నచోట కథకై వేచియుండరాదు. ముందు అడ్డుపడి, పిదప కథ చెప్పవలెను.

గ్రంథాలయపు బీరువాలలో భారతమును, పంచతంత్రమును ఉండనే యున్నవి. వారమునకొక సాయంకాలము పెద్దలలో నొకరు వచ్చి, పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని ఒక ఘట్టము చెప్పుటకు ధనవ్యయమేమియు లేదు. కావలసినది ఓర్పు మాత్రమే. గోడ ప్రక్కన నడచు బాలుడు తోటివారితో కలిసి నడివీథిని నడువగలిగిన నాడు, ఈ రజతోత్సవము సార్థకమైనట్లు భావింపవచ్చును.