పుస్తకముల జాబితాలో పేరు వెదకుట



గ్రంథాలయోద్యమ పితామహులుగా పేరొందిన అయ్యంకి వెంకటరమణయ్యగారు 1890లో కొంకుదురున జన్మించిరి. ఆ ఊరు ఆలమూరునకు మిక్కిలి దూరము కాదు. పుస్తకమును పాఠకుని చెంతకు చేర్చుటయే వారి కాలపు ఉద్యమము. నేడు పుస్తకము ఫోనులోనికే వచ్చియున్నది. అయినను కనుగొనలేక, "లేదు" అని విడిచిపెట్టువారే ఎక్కువ. లేకపోవుట వేరు, దొరకకపోవుట వేరు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి (1891–1961) కథలకై వెదకు ఆలమూరు పాఠకుని ఊహింపుడు. అతడు "శ్రీపాద" అని వ్రాయగానే భారత భాగవత రామాయణములను తెనిగించిన శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారి (1866–1960) గ్రంథములును వచ్చిపడును. ఇంటిపేరొకటే, మనుషులు వేరు. ఇంటిపేరు విడిచినచో మరియెందరో శాస్త్రులు బయలుదేరుదురు. ఇది చాలదన్నట్లు పెక్కు జాబితాలు ఇంగ్లీషు లిపిలో నున్నవి. "శ్రీ"ని ఒకరు ఎస్-ఆర్-ఐ అని, ఒకరు ఎస్-హెచ్-ఆర్-ఐ అని, వేరొకరు చివర రెండు "ఇ"లు చేర్చియు వ్రాయుదురు. "శాస్త్రి" చివర "ఐ" యో "వై" యో వ్రాసినవాని చిత్తము. ఒక జాబితా ఇంటిపేరును ముందుంచును, ఇంకొకటి శాస్త్రిని ముందుంచును. కనుక పూర్తి పేరు ఒక్కమారు వ్రాసి ఊరకుండరాదు. సందేహము లేని ముక్క నొకదానిని పట్టి, అక్షరములు మార్చి మూడు నాలుగు మారులు వెదకవలెను. తెలుగు లిపిలోను వెదకవలెను. గ్రంథనామము తెలిసినచో రచయితను విడిచి దానితోనే ప్రయత్నింపవలెను.

బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆధారముగా, తెలుగువారైన ఆచార్య రాజ్ రెడ్డిగారి చొరవతో 2000 ప్రాంతమున మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొలది తెలుగు పుస్తకముల పుటలను చిత్రములుగా తీసెను. ఆ సైటు తరువాత మూతపడినను, ప్రతులు చాలవరకు ఇంటర్నెట్ ఆర్కైవులో నున్నవి. పని మహత్తరమైనదే, పేర్లెక్కించుటలో మాత్రము తొందర కనిపించును. అక్షరములు తారుమారైన శీర్షికలును, సంపుటసంఖ్య లేనివియు తగులుచుండును. పుస్తకము తెరచి ముఖపత్రము చూచినగాని నమ్మరాదు.

మరియొక వింత. అమెరికా 1954 నాటి పి.ఎల్. 480 చట్టము క్రింద మన దేశమునకు గోధుమలమ్మెను. రూపాయలలో వచ్చిన ఆ సొమ్ములో కొంత వెచ్చించి, 1962 నుండి భారతీయ భాషల పుస్తకములు కొని అచ్చటి గ్రంథాలయములకు పంపిరి. తెలుగు పుస్తకములును వెళ్లినవి. గోధుమలు ఆనాడే అరిగిపోయినవి. పుస్తకములు చికాగో వంటి విశ్వవిద్యాలయముల అరలలో నిలిచినవి. వరల్డ్‌క్యాట్ అను ఉమ్మడి జాబితాలో చూచినచో ఏ పుస్తకము ఎచ్చట నున్నదో చాలవరకు తెలియును. చదువుటకు ప్రతి దొరకకున్నను సరియైన పేరును, అచ్చయిన సంవత్సరమును దొరకును. ఆ రెండింటితో మరల ఆర్కైవునకు రావచ్చును.

అయితే గోదావరి తీరమున ఏ చిన్న ముద్రణాలయములోనో అచ్చయిన శతకమో, స్థలపురాణమో ఈ జాబితాలలో దేనియందును లేకపోవచ్చును. ఎవరును ఎక్కింపనిది యంత్రమునకు తెలియదు. అట్టి ప్రతి ఈ గ్రంథాలయపు బీరువాలో నున్నచో రచయిత ఇంటిపేరు, పూర్తి పేరు, గ్రంథనామము, ముద్రణాలయము, సంవత్సరము దాఖలా పుస్తకములో తెలుగులోను, ఇంగ్లీషు లిపిలోను వ్రాయించుట మొదటి పని. వెదకుట నేర్చిన హైస్కూలు పిల్లలే దానిని చేయగలరు. ఈ తేమ నేలలో చెదలు ఆలస్యము చేయవు గనుక, పాత పుస్తకములున్న క్రింది అరతోనే మొదలుపెట్టవలెను.