సెలైన్ గుంపు ఎక్కడ?

ప్రొద్దుటూరు ఉక్కపోతలో గౌన్లు తొడుక్కుని ఓపిగ్గా కూర్చున్న పశువైద్య పట్టభద్రులారా, మీలో కొందరు పులివెందుల పశు పరిశోధన కేంద్రానికి, కొందరు జమ్మలమడుగు పల్లెల ఆసుపత్రులకు వెళతారు. కీళ్లరిగిన కుక్క ఎక్కడైనా ఎదురవుతుంది. దాని కీలులోకి స్టెరాయిడ్ ఎక్కించాలా, హయలురోనిక్ ఆమ్లమా, రక్తంలోని ప్లేట్‌లెట్లను చిక్కబరిచిన పీఆర్‌పీనా అన్నది తేల్చే పోలికల మీదే నా బెంగంతా.

ఆ పోలికల్లో, కీలు అరిగేలా కుందేలు మోకాలి లిగమెంటు కోసి, ఒక గుంపుకు పీఆర్‌పీ, ఇంకో గుంపుకు స్టెరాయిడ్ ఇచ్చి, చివర్లో మృదులాస్థికి సాఫ్రానిన్-ఓ రంగు వేస్తారు. బాగున్నచోట ఎర్రగా పడుతుంది, ప్రోటియోగ్లైకాన్లు పోయినచోట వెలవెలబోతుంది. మొదటి స్లయిడు కాస్త ఎర్రగా కనబడగానే పీఆర్‌పీ గెలిచిందని రాసేస్తే ఎట్లా నాయనా? అది మేలు చేసిందో, రెండోదే కీడు చేసిందో ఆ రంగు చెప్పదు. 2017లో ప్రచురించిన అమెరికా పరీక్షలో మోకాళ్ల నొప్పులున్న 140 మందికి మూడు నెలలకొకసారి, రెండేళ్లపాటు, ట్రయామ్సినలోన్ గానీ ఉత్త సెలైన్ గానీ ఇచ్చారు. నొప్పిలో తేడా లేదు. మృదులాస్థి మాత్రం స్టెరాయిడ్ పడ్డవాళ్లకే ఎక్కువ అరిగింది. 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద పీఆర్‌పీ కూడా సెలైన్‌ను దాటలేకపోయింది. సెలైన్ గుంపే లేకుంటే ఈ రెండూ బయటపడేవి కావు.

పశువుకు మందు మీద నమ్మకమేంటి, దానికి ఉత్త సూది దేనికి అంటారు. పశువుకు లేకపోవచ్చు, చూసేవాళ్లకుంది. మందు ఇవ్వని కుక్కల కుంటు, అడుగు బలాన్ని కొలిచే పలక మీద తగ్గకపోయినా, తగ్గిందని యజమానులే కాదు, డాక్టర్లూ అన్నారని 2012 నాటి అధ్యయనం చెబుతోంది. స్లయిడు చదివేవాడికి అది ఏ గుంపుదో తెలియకూడదనేది అందుకే. ఇంకో అభ్యంతరం బరువైనది: జంతు హింసను అరికట్టే 1960 నాటి చట్టం ఉండగా, ఇంకో గుంపు కుందేళ్లను బలిపెట్టడమేంటని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ గుంపు లేక ఏమీ తేలకపోతే మిగతావన్నీ ఊరికే చచ్చినట్టు. తగ్గించాలనుకుంటే పోల్చే మందుల్ని తగ్గించండి. అదే కుందేలు రెండో కాలినే పోలికకు కంట్రోలుగా వాడితే పోలా అని తెలివి చూపకండి. ఒక కాలు నొప్పెడితే బరువు రెండో కాలి మీదే పడుతుంది, అదిక మామూలు కాలు కాదు. లిగమెంటు కోసిన రోజే మందెక్కించి, నయం చేశామని థీసిస్‌లో రాయడం ఇంకా ఘోరం. అది నివారణ. మీ ఆసుపత్రి గడప తొక్కే కుక్క అప్పటికే ఎన్నాళ్లుగానో కుంటుతూ ఉంటుంది.