ర్యాంకు బలం, మార్కుల బలహీనత: కళాశాల ప్రవేశావకాశాలను అంచనా వేయడం ఎలా?

(పాఠశాల ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కోలారు బంగారు గనుల సీమలో ఒక తెలుగు బడి డెబ్బది అయిదు సంవత్సరాలు నిలవడం సామాన్య విషయం కాదు. 1880లో జాన్ టేలర్ సంస్థ ఇక్కడ అడుగుపెట్టిన తరువాత పని వెదుక్కుంటూ వచ్చిన కుటుంబాలలో తెలుగువారు ఎందరో ఉన్నారు. తండ్రి గనిలోనికి దిగితే కొడుకు కూడా గనిలోనికి దిగడం అప్పటి ఆనవాయితీ. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ నాటి నుండి ఈ సీమ బిడ్డలకు చదువు తప్ప మరొక గని లేదు. తెల్లవారకముందే మారికుప్పం నుండి బెంగుళూరుకు బయలుదేరే రైళ్ళలో నిలబడి ప్రయాణించే వారిని చూచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అందుచేత ఒక బిడ్డకు ఏ కళాశాలలో చోటు దొరుకుతుందన్నది ఇక్కడ ఇంటి గౌరవానికి సంబంధించినది మాత్రమే కాదు. అది కుటుంబ జీవనాధారానికి సంబంధించిన ప్రశ్న.

ప్రతి సంవత్సరం మే, జూన్ నెలలలో కొన్ని ఇండ్లలో ఒక వింత పరిస్థితి ఏర్పడుతుంది. ప్రవేశ పరీక్షలో బిడ్డకు మంచి మార్కులు వస్తాయి. రెండవ పీయూసీలో మాత్రం అంతంతమాత్రంగా వస్తాయి. ఒక బంధువు, “ర్యాంకు ఉంటే చాలు, పీయూసీ మార్కులను ఎవరు చూస్తారు?” అంటారు. మరొక బంధువు, “మార్కులు లేనినాడు ర్యాంకు ఎందుకు?” అంటారు. రెండు మాటలూ సగం నిజాలే. ఏ ద్వారం ముందు నిలబడినామన్న దానిని బట్టి సమాధానం మారుతుంది.

కర్ణాటకలో వృత్తి విద్యలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష 1994లో మొదలయినది. ఇంజనీరింగు ర్యాంకుకు భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలలో వచ్చిన పీయూసీ మార్కులు సగం, సీఈటీ మార్కులు సగం లెక్కకు వస్తాయి. పీయూసీలో ఈ మూడు విషయాలకు 300 మార్కులు, సీఈటీలో 180. రెండింటినీ శాతాలుగా మార్చి సగటు తీస్తారు.

ఒక ఉదాహరణ చూడదగినది. ఒక విద్యార్థికి పీయూసీలో 300కు 174, అనగా 58 శాతం. సీఈటీలో 180కి 126, అనగా 70 శాతం వచ్చినవని అనుకొనవచ్చును. సగటు 64. అతని పొరుగింటి విద్యార్థినికి పీయూసీలో 276, అనగా 92 శాతం. సీఈటీలో 72, అనగా 40 శాతం. సగటు 66. ప్రవేశ పరీక్షలో 54 మార్కులు ఎక్కువ తెచ్చుకొన్నవాడు ర్యాంకులో ఆమె వెనుకనే నిలుస్తాడు. రెండు శాతం చిన్న తేడాగా కనిపించవచ్చును. కానీ నడిమి వరుసలో విద్యార్థులు కిక్కిరిసి ఉంటారు. అక్కడ స్వల్పమైన తేడాయే ర్యాంకును చాలా దూరం జరుపుతుంది.

ఈ లెక్కలోనే మరొక రహస్యం ఉన్నది. సీఈటీలో 3 మార్కుల విలువ పీయూసీలో 5 మార్కుల విలువకు సమానం. కనుక పరీక్షకు ముందు ఆఖరి నెలలలో ఎక్కడ శ్రమిస్తే ఫలితం ఎక్కువో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కాగితం మీద లెక్కవేసి చెప్పగలరు. సీఈటీలో 15 మార్కులు పెంచడం సాధ్యమా, పీయూసీలో 25 మార్కులు పెంచడం సాధ్యమా అన్నది బిడ్డను బట్టి ఉంటుంది. వెనుకబడినచోట పెంచడమే సాధారణంగా సులభం.

బలమైన ప్రవేశ పరీక్ష మార్కులను చూచి మురిసిపోయే ముందు మరొక విషయం గమనించాలి. సీఈటీలో ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు; తప్పుకు మార్కులు తగ్గించరు. 108 ప్రశ్నలకు నిజంగా జవాబు తెలిసిన విద్యార్థి మిగిలిన 72 ప్రశ్నలకు కండ్లు మూసుకొని గుర్తులు పెట్టినా, సగటున 18 సరిపోతాయి. మొత్తం 126. అనగా పైన చెప్పుకొన్న 70 శాతం వెనుక ఉన్న తెలివిడి 60 శాతమే కావచ్చును. అప్పుడు అతని 58 శాతం పీయూసీ మార్కులు అన్యాయమేమీ కావు. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పినట్లే. అదే లెక్కన పొరుగింటి విద్యార్థిని 72 మార్కుల వెనుక తెలిసిన ప్రశ్నలు 36 మాత్రమే కావచ్చును. ఆమె తల్లిదండ్రులు కూడా ఆలోచించవలసినదే.

గనుల సీమవారికి ఈ తేడా కొత్తది కాదు. లోపలి నుండి తెచ్చిన ఒక ముక్కను పరీక్షాశాలలో కరగించి అందులో బంగారం ఎంతో చెప్పేవారు. మిల్లులో నెలల తరబడి ఆడించిన రాతి నుండి వచ్చిన బంగారం మరొక లెక్క. ముక్క గొప్పగా పలికినంత మాత్రాన గని లాభసాటిదని ఎవరూ నిర్ణయించేవారు కారు. ముక్క పలకలేదని గనిని వదలుకొనేవారూ కారు. రెండు లెక్కలూ ఎందుకు కలవలేదని విచారించేవారు. బిడ్డల విషయంలోనూ చేయవలసినది అదే.

ఆ విచారణలో సాధారణంగా నాలుగు కారణాలు బయటపడతాయి. మొదటిది భాష. పదవ తరగతి వరకు తెలుగులో చదివిన బిడ్డ పీయూసీలో విజ్ఞాన శాస్త్రాలను ఇంగ్లీషులో చదవవలసి వస్తుంది. సరియైన జవాబును గుర్తించగలుగుతాడు. నాలుగు పేరాలలో వివరించలేడు. రెండవది ప్రయోగశాల, అంతర్గత మార్కులు. శిక్షణ తరగతుల మోజులో ప్రయోగాలను, రికార్డులను నిర్లక్ష్యం చేసినవారు సులువుగా రావలసిన మార్కులు పోగొట్టుకొంటారు. మూడవది ఆ సంవత్సరంలో ఇంట జరిగిన కష్టం: అనారోగ్యం, మరణం, ఉపాధి పోవడం. నాలుగవది క్రమశిక్షణ లోపం: తెలివి ఉన్నది, నిత్యాభ్యాసం లేదు.

మూడవ కారణం తాత్కాలికం. దానిని చూచి బిడ్డను తక్కువగా అంచనా వేయరాదు. మొదటి కారణం శ్రమతో తీరేది. కానీ కళాశాలలో చేరగానే మాయమయ్యేది కాదు. విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కింద చదివే విద్యార్థి ప్రతి సెమిస్టరులోనూ పుటలకు పుటలు వ్రాయవలసినదే. అంతర్గత మూల్యాంకనంలో నెగ్గవలసినదే. రెండవ, నాలుగవ కారణాలను ఇంటిలోనే సరిదిద్దకపోతే మంచి కళాశాలలో సీటు దొరికినా మొదటి సంవత్సరంలోనే అవి మళ్ళీ ఎదురవుతాయి.

ఇక ఇతర ద్వారాలు. వైద్య విద్యకు నీట్ మార్కులే ప్రధానం. సామాన్య వర్గం వారికి భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో కలిపి 50 శాతం, వెనుకబడిన, షెడ్యూల్డు వర్గాలవారికి 40 శాతం ఉంటే అర్హత. కోలారు తమకలోని దేవరాజ అరసు వైద్య కళాశాలకైనా నీట్ ద్వారానే వెళ్ళవలసి ఉంటుంది. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల కామెడ్‌కే పరీక్షలో ర్యాంకుకు పీయూసీ మార్కులను కలపరు. సామాన్య వర్గానికి 45 శాతం అర్హత చాలును. మార్కులు బలహీనంగా ఉన్నవారికి ఇది అనుకూలమే; కానీ రుసుము ప్రభుత్వ కోటాకంటె చాలా ఎక్కువ. నాలుగేండ్ల ఖర్చు మొత్తం లెక్కవేయకుండా ఆ దారి తొక్కరాదు.

సురత్కల్లు వంటి జాతీయ సంస్థలకు జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. 2013 నుండి 2016 వరకు ఆ ర్యాంకులో బోర్డు మార్కులకు 40 శాతం బరువు ఉండేది. 2017 నుండి తీసివేశారు. అయితే సామాన్య వర్గం వారికి 75 శాతం మార్కులు, లేదా తమ బోర్డులో పైనున్న 20 పర్సంటైల్‌లో స్థానం ఉండాలన్న నియమం ఉన్నది. ఎంత గొప్ప ర్యాంకు ఉన్నా ఈ గడప దాటనివారికి లోపల చోటు లేదు. ఆంధ్రప్రదేశ్ ఇంజనీరింగు ప్రవేశంలో పరీక్షకు 75, ఇంటర్మీడియటుకు 25 శాతం బరువు. తెలంగాణలో 2023లో ఇంటర్మీడియటు బరువును తొలగించారు. 2022లో మొదలయిన సీయూఈటీ ద్వారా కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో చేరేవారికి పరీక్ష మార్కులే కొలమానం.

ఈ కొలమానాలపై పెద్దలలోనే ఏకాభిప్రాయం లేదు. కొవిడ్ కారణంగా 2021లో రెండవ పీయూసీ పరీక్షలు జరగలేదు. ఆ బ్యాచి వారు 2022లో మరల సీఈటీ వ్రాసినప్పుడు వారి పీయూసీ మార్కులను వదలివేశారు. వివాదం కర్ణాటక హైకోర్టుకు వెళ్ళగా, ఆ మార్కులను కొంత తగ్గించి లెక్కలోనికి తీసుకొనే సూత్రం ఖాయమై, ర్యాంకులను మరల ప్రకటించవలసి వచ్చినది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షల మార్కులను చూడడమే మానివేసినది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ 2022లో వాటిని మరల తప్పనిసరి చేసినది.

సరిహద్దు జిల్లా వారు ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలసినవి కొన్ని ఉన్నవి. కర్ణాటక ప్రభుత్వ సీటుకు ప్రధానమైన నియమం ఇక్కడ ఏడు విద్యాసంవత్సరాలు చదివి, పదవ తరగతి గాని రెండవ పీయూసీ గాని ఇక్కడే ఉత్తీర్ణులు కావడం. బిడ్డను ఇంటర్మీడియటుకు కుప్పం, మదనపల్లె పంపదలచినవారు ముందే ఈ లెక్క చూచుకోవాలి. కన్నడ మాధ్యమ కోటా ఒకటి నుండి పది వరకు కన్నడంలో చదివినవారిదే. తెలుగు మాధ్యమం వారు దానిపై ఆశ పెట్టుకోరాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లె బడులలో పది తరగతులూ చదివినవారు మాత్రం గ్రామీణ కోటా ధ్రువపత్రాన్ని తప్పక తీసుకోవాలి.

అవకాశాన్ని అంచనా వేయడానికి ఊహ అక్కరలేదు. ప్రతి సంవత్సరం కళాశాల వారీగా, శాఖ వారీగా, వర్గం వారీగా చివరి ర్యాంకులను పరీక్షా ప్రాధికారం ప్రకటిస్తుంది. గత మూడేండ్ల పట్టికలను పక్కపక్కన పెట్టుకోవాలి. మూడేండ్లూ బిడ్డ ర్యాంకుకు అందినవి నమ్మదగినవి. ఒక ఏడు అంది ఒక ఏడు అందనివి ప్రయత్నించదగినవి. ఎన్నడూ అందనివి కేవలం ఆశలు. ఐచ్ఛికాల జాబితాలో ఆశలను పైన వ్రాయవచ్చును; అడుగున మాత్రం నమ్మదగినవి తప్పక ఉండాలి. ఊరగాం‌లోని ఇంజనీరింగు కళాశాలలో ఇష్టమైన శాఖ చదవడం, బెంగుళూరులో ఇష్టంలేని శాఖ చదవడంకంటె మేలు కావచ్చును.

2024 నుండి రెండవ పీయూసీకి ఒకే సంవత్సరంలో ఒకటికంటె ఎక్కువ పరీక్షలు జరుపుతున్నారు. మంచి మార్కులే నిలుస్తాయి. పైన చెప్పుకొన్న విద్యార్థి రెండవ పరీక్షలో 174ను 200 చేసుకొంటే అతని సగటు 64 నుండి 68 దాటుతుంది. ఆ మార్కులు ర్యాంకుకు ఏ తేదీలోగా అందాలో ఆ ఏటి ప్రకటనలో చూచుకోవాలి. ఒక ఏడాది వృథా చేసి మరల సీఈటీ వ్రాయించే ముందు ఈ దారిని పరిశీలించడం తల్లిదండ్రుల ధర్మం.

శ్రీనివాస రామానుజన్ కుంభకోణంలో విద్యార్థి వేతనం పోగొట్టుకొన్నారు, మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్ష తప్పారు. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం ఇచ్చినది. ఈ కథను చెప్పి బిడ్డలను మార్కుల పట్ల ఉదాసీనులను చేయరాదు. ఆయనకు తలుపు తెరిచినది అదృష్టం కాదు. ఆయన వ్రాసిన నోటు పుస్తకాలను శ్రద్ధగా చదివిన కొందరు పెద్దలు. అటువంటి పెద్దరికం ప్రతి బడిలోనూ ఉండాలి. ర్యాంకు పట్టిక బిడ్డ నోటు పుస్తకాన్ని చూడదు, ఉపాధ్యాయుడు చూడగలడు. మార్కులు ఎందుకు తగ్గినవో మొదటి పీయూసీలోనే గుర్తించి చెప్పగలవాడు ఆయనే.

బడి వదలి వెళ్ళిన పూర్వ విద్యార్థులు ఎండాకాలంలో ఒక్క ఆదివారం వచ్చి, ఐచ్ఛికాల జాబితా నింపే పిల్లల పక్కన కూర్చొంటే, ఎన్నో కుటుంబాలు ఒక తప్పు నిర్ణయం నుండి తప్పించుకొంటాయి. ఉత్సవ సంవత్సరానికి అంతకంటె తగిన కానుక వేరొకటి లేదు.

అందరికీ శుభం కలుగుగాక.