గోలీ మింగేది మనం, అడగాల్సిందీ మనమే
(కోరుట్లలో బీడీ కార్మిక మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల చాట పక్కన పెట్టి, వెయ్యి బీడీల కూలి వదులుకొని వచ్చిండ్రు. అందుకే ఉత్త మాటలు చెప్పి పంపం. పిల్లలు కాకుండ మింగే గోలీ గురించి మాట్లాడుతం. ఏది ఎవరి ఒంటికి పడుతది, ఎవరికి పడది, అది ఎట్ల తెలుసుకోవాలె అన్నదే ముచ్చట. సిగ్గుపడే ముచ్చట కాదు. 1938 నవంబర్ 10న బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ మీద తీర్మానం పెట్టించింది మన బాబాసాహెబే. ఆయన పార్టీ సభ్యుడు పి.జె. రోహమ్ ఆ ప్రసంగాన్ని సభలో చదివి వినిపించిండు. తీర్మానం ఓడిపోయింది. 1942 జూలైలో నాగపూర్ దళిత మహిళా మహాసభలో కూడా ఎక్కువ మంది పిల్లల్ని కనకుండ్రని తల్లులకు చెప్పిండు. మన పెద్దమనిషి మాట్లాడిన ముచ్చటే మనం మాట్లాడుతున్నం.

అయితే బాబాసాహెబ్ చెప్పింది ఒకటి, సర్కారు చేసింది ఇంకొకటి. ఆయన ఆడదాని బతుకు కోసం చెప్పిండు. సర్కారు లెక్క కోసం చేసింది. ఎమర్జెన్సీల, 1975 నుంచి 77 దాకా, మొగోళ్లను పట్టుకపోయి కోసిండ్రు. ఓట్ల దెబ్బ తగిలినంక మొగోళ్లను వదిలి ఆడోళ్ల మీద పడ్డరు. ఈ నర్సమ్మ ఇన్ని కేసులు తేవాలె, ఆ పంతులు ఇన్ని తేవాలె అని టార్గెట్లు. ఆ టార్గెట్లు 1996లో కాగితం మీద ఎత్తేసిండ్రు, పద్ధతి మాత్రం ఎక్కడికీ పోలేదు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల కూడా తెలంగాణల పెండ్లయిన ఆడోళ్లు నూటికి అరవై మందికి పైగా ఆపరేషన్ అయినోళ్లే. గోలీ వాడేటోళ్లు చాలా కొద్దిమంది. గోలీ చెడ్డదని కాదు, దాని గురించి కూసోబెట్టి చెప్పినోళ్లు లేకనే. ఇద్దరు పిల్లలు కాంగనే, ఇరవై రెండు, ఇరవై మూడేండ్లకే కోపిచ్చుకున్నోళ్లు ఈ సభలనే ఎంతమంది ఉన్నరో చేతులెత్తమంటే తెలుస్తది. ఎత్తమనం, మీకే ఎరుక.

చెప్పకుండ చేసుడు మనకు కొత్త కాదు. 1985లో మన హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని బీద ఆడోళ్ల మీద పరీక్ష చేయబోయిండ్రు. అది పరీక్ష అని వాళ్లకు సరిగ్గ చెప్పలే. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు పోయి నిలదీసిండ్రు, 1986లో ఢిల్లీ సహేలి సంఘంతో కలిసి సుప్రీంకోర్టుకెక్కిండ్రు. దేశం బయట కూడ అంతే. మొదటి గోలీని 1956లో పెద్ద ఎత్తున పరీక్షించింది ప్యూర్టో రికోలోని బీదోళ్ల కాలనీల. ఇప్పటి గోలీల మందు అప్పటికంటె ఎన్నో వంతులు తక్కువ, మంచిదే. ఆ కష్టం మాత్రం పడ్డది మనలాంటోళ్లే.

ఇగ మన ఊరి ముచ్చట. మా వాడల ఒక చెల్లె మెడికల్ షాపుకు పోయి పిల్లలు కాకుండ గోలీ ఇయ్యమంటె, షాపాయన చేతికందిన షీటు ఇచ్చిండు. పాలు తాగే పిల్ల ఉందా అని అడగలే. బీపీ ఉందా అని అడగలే. ఆమె అప్పటికి టీబీ గోలీలు మింగుతున్నది. మూడో నెలకు కడుపైంది. ఇంటోళ్లు ఏమన్నరంటె, మింగడం మరిచిపోయి ఉంటవని. ఆమె ఒక్కరోజు కూడ మరువలే. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ మందు ఈ గోలీ బలాన్ని కరిగిస్తది. ఫిట్స్‌కు ఇచ్చే కొన్ని గోలీలు కూడ అంతే. ఆ ఒక్క మాట అడిగేటోళ్లు లేకపాయె. తప్పు ఆమె నెత్తిన పడ్డది.

బీడీలు చేసే ఊళ్లల్ల దగ్గు, టీబీ మనకు తెలువంది కాదు. అందుకే ఈ మాట మొదలు చెప్తున్నం. టీబీ మందు వాడేటప్పుడు గోలీ మీద ఆధారపడొద్దు. కండోమ్ వాడాలె, లేకుంటె డాక్టర్ చూసి కాపర్-టీ వేస్తరు.

సర్కారు దవాఖానల పైసలు లేకుండ దొరికేవి రెండు రకాలు. ఒకటి మాలా-ఎన్. షాపుల అమ్మేది మాలా-డి, మందు అదే. షీటుల 28 గోలీలుంటయి. 21 మందువి, ముదురు రంగున్న 7 రక్తం పట్టే ఇనుము గోలీలు. ముట్టయిన ఐదు రోజుల లోపల మొదలుపెట్టి రోజుకొకటి, బువ్వ తిన్నంక, పండుకునే ముందు మింగాలె. ఒక షీటు అయిపోంగనే నడుమ ఆగకుండ ఇంకోటి. ముట్టుల ఎక్కువ రక్తం పోయి నీరసించేటోళ్లకు ఇది మేలే చేస్తది, పోయే రక్తం తగ్గుతది.

ఎవరికి పడది? పిల్ల పుట్టి ఆరు నెలలు కాక పాలిస్తున్న తల్లికి పడది, పాలు తగ్గుతయి. బీపీ 140/90, ఆపైన ఉన్నోళ్లకు పడది. ముప్పై ఐదేండ్లు దాటి బీడీ గాని చుట్ట గాని తాగే ఆడోళ్లకు అసలే వద్దు, రక్తం గడ్డకట్టి గుండెకో మెదడుకో పోతది. కండ్ల ముందట మెరుపులొచ్చి ఒకపక్క తలనొప్పి లేచేటోళ్లకు, కామెర్లు, కాలేయం జబ్బు ఉన్నోళ్లకు, రొమ్ముల క్యాన్సర్ వచ్చినోళ్లకు, గుండె జబ్బు ఉన్నోళ్లకు కూడ వద్దు.

రెండోది ఛాయ. ఇది మన దేశపు మందే. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారు చేసింది. 1991 నుంచి సహేలి పేరుతో షాపుల వచ్చింది, తర్వాత సర్కారు ఛాయ అని పేరు పెట్టింది. ఇందుల హార్మోన్లు లేవు. పాలిచ్చే తల్లి మింగొచ్చు. ముట్టయిన మొదటి రోజు మొదలుపెట్టాలె. అది ఆదివారం అయితే మళ్ల బుధవారం. అట్ల మూడు నెలలు వారానికి రెండు, నాలుగో నెల నుంచి ఆదివారం ఒక్కటే. గోడ మీద క్యాలెండర్ల సున్నా చుట్టుకుంటె మరువరు. ముట్టు ఆలస్యమవుడు దీనితోని ఉంటది, భయపడొద్దు. కాని పదిహేను రోజులు దాటితే పరీక్ష చేపిచ్చుకోవాలె. అండాశయంల నీటిబుడగలు ఉన్నోళ్లకు, ఈ మధ్య కామెర్లయినోళ్లకు, టీబీ, కిడ్నీ జబ్బున్నోళ్లకు ఇది వద్దు.

మొగుడు దుబాయిల, మస్కట్‌ల ఉన్న అక్కలు ఎక్కువగ అడిగే ముచ్చట: ఆయన రెండేండ్లకోసారి వచ్చి రెండు నెలలుంటడు, ఏడాదంత గోలీ ఎందుకు మింగాలె? అక్కర లేదు. ఆయన రాకముందు వచ్చే ముట్టుల మాలా-ఎన్ మొదలుపెట్టుండ్రి. ఐదు రోజుల లోపల మొదలుపెడితె ఆ రోజు నుంచే పనిచేస్తది. ఆలస్యంగ మొదలుపెడితె కడుపు లేదని చూసుకొని, ఏడు రోజులు కండోమ్ తప్పదు. ఆయన విమానమెక్కినంక చేతిల ఉన్న షీటు పూర్తి చేసి బంద్ చేయుండ్రి. బంద్ చేసినంక పిల్లలు పుట్టరని, గర్భసంచి ఎండిపోతదని కొందరంటరు, అది ఉత్త మాట. ఇంకొకటి చెప్పాలె. ఏ గోలీ కూడ రోగాన్ని ఆపది. దుబాయి నుంచి వచ్చినా, భీవండి నుంచి వచ్చినా అనుమానముంటె కండోమే. ఈ మాట ఇంట్ల ఎట్ల అనాలెనో మాకూ ఎరుకే, కష్టం. అందుకనే అన్నలను కూడ ఇక్కడికి పిలిచినం.

మరిచిపోతె ఎట్ల? మాలా-ఎన్ ఒక్కటి మరిస్తె యాదికి రాంగనే మింగాలె, ఆనాటిది ఆనాడే. రెండు, మూడు మరిస్తె ఒకటి మింగి షీటు నడిపిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడాలె. ఛాయ ఏడు రోజుల లోపల యాదికొస్తె మింగి, ముట్టొచ్చేదాక కండోమ్. ఏడు దాటితె మళ్ల మొదటికెల్లి, వారానికి రెండు.

మొదటి రెండు మూడు నెలలు వికారం, నడుమ నడుమ మరకలు పడుడు మాలా-ఎన్‌తో ఉంటది, తగ్గుతది. తగ్గకపోతె ఓర్చుకొనుడు గొప్ప కాదు, మార్చుమని అడగాలె. పిక్క వాచి నొప్పి లేచినా, ఛాతిల నొప్పి, ఊపిరాడకపోవుడు, చూపు మసకబారుడు, ఎన్నడూ లేని తలనొప్పి, కడుపుల గట్టి నొప్పి వచ్చినా ఆ పూటనే గోలీ ఆపి దవాఖానకు పోవాలె.

ఇప్పుడు రెండు రకాల షీట్లు మీ నడుమకు పంపుతున్నం, చేతిల పట్టుకొని చూడుండ్రి. అటు మూలకు మన సంఘం చెల్లె బీపీ మిషన్ పెట్టుకొని కూసుంది. గోలీ వాడుతున్నోళ్లు, వాడాలనుకునేటోళ్లు ముందుగల చూపిచ్చుకోండ్రి. ఆ అంకె కాగితం మీద రాసిస్తది. సబ్ సెంటర్‌కు పోయినప్పుడు అది చూపెట్టి, నాకు ఈ గోలీ ఎందుకిస్తున్నరని అడుగుండ్రి.