డిస్కు జాతిని తెలిసికొనుట



పాత సామాను సర్దుచుండగా పేరు వ్రాయని డిస్కు ఒకటి బయటపడినదనుకొనుడు. దానిని కంప్యూటరునకు తగిలింతురు. విండోసు దానిని చదువలేనిచో, వాడుకకు ముందు ఫార్మాటు చేయవలెనని చెప్పి, చేయుదునా యని అడుగును. తొందరపడి సరేయన్నచో, లోపల తాతగారి వ్రాతప్రతులున్నను, సంఘపు లెక్కలున్నను, వాని జాడ తెలుపు పట్టిక చెరిగిపోవును. నిజమునకు ఆ ప్రశ్నకు అర్థము డిస్కు ఖాళీయని కాదు. ఆ యంత్రమునకు దాని లిపి రాదని మాత్రమే. అరవము రానివాడు అరవపు పుస్తకమును చిత్తుకాగితములని పారవేయవచ్చునా?

అట్టివేళ అక్కఱకు వచ్చునది డిస్క్‌టైప్ అను చిన్న పనిముట్టు. క్రిస్టోఫ్ ఫిస్టరర్ అనునాతడు దీనిని రచించెను. దీనికి బొమ్మలు లేవు, మీటలు లేవు. ఆజ్ఞాపంక్తి యందు దీని పేరును, ప్రక్కన డిస్కు పేరును టైపు చేసినచో నాలుగైదు పంక్తులలో జవాబిచ్చును. ఇది చదువునే గాని డిస్కుపై ఒక్క బైటైనను వ్రాయదు. దీని గుణములలో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే. ఈ జాతి పనిముట్లకు పెద్దయైన ‘ఫైల్’ అను ఆజ్ఞ 1973లోనే యూనిక్సు నాలుగవ కూర్పున వెలువడినది.

గుర్తించు తీరు సులభమే. ప్రతి ఫార్మాటును తన ముద్రను నియతస్థానమున ఉంచును. సి.డి.లకు వాడు ఐ.ఎస్.ఓ. 9660 పద్ధతిలో, మొదటి 32,768 బైట్లు విడిచి, మరియొక బైటు దాటగానే సి, డి, సున్న, సున్న, ఒకటి అను ఐదు అక్షరములుండును. లినక్సువారి ఎక్స్‌ట్-2 యందు, సున్న మొదలుగా లెక్కించిన 1080వ చోట 83, దాని వెంట 239 అను సంఖ్యలుండును.

అయితే ముద్రను చూచి మోసపోవుటయు కలదు. ఫ్యాట్ ఫార్మాటు మొదటి ఖండములో ‘ఫ్యాట్16’ అను పేరు వ్రాసియుండవచ్చును. అది అలంకారమే గాని సాక్ష్యము కాదు. డిస్కులోని క్లస్టరులను లెక్కింపవలెను. 4,085 కంటె తక్కువయైన ఫ్యాట్12, అంతకు మించి 65,525 కంటె తక్కువయైన ఫ్యాట్16, ఆపైన ఫ్యాట్32. పోస్టుపెట్టె మీది పేరును నమ్మక, ఇంటిలోని మనుష్యులను లెక్కించినట్లన్నమాట.

ఒక ఫార్మాటు మీద మరియొకటి వేసినపుడు పాత ముద్ర చెరుగక మిగులుటయు కలదు. లినక్సులోని బి.ఎల్.కె.ఐ.డి. అను పనిముట్టు డిస్కును నేరుగా పరీక్షించుచు, పరస్పరము పొసగని ముద్రలను కనుగొన్నచో, ఏదో యొకటి ఊహించి చెప్పక 8 అను సంకేతమిచ్చి తప్పుకొనును. తెలియనిచో తెలియదనుట యంత్రమునకైనను శోభయే.

ఇక ఏ ముద్రయు కనబడనిచో? అప్పుడును ఫార్మాటు చేయరాదు. రహస్యలేఖనము చేసిన డిస్కులలో లక్స్ పద్ధతివానికి మొదటనే ముద్ర యుండును గాని, ముద్రయే లేకుండ వ్రాయు పద్ధతియు ఒకటి కలదు. అట్టి డిస్కు మొదటినుండి తుదివరకు అర్థము లేని బైట్లకుప్పవలె కనబడును. తాళపుమాట ఎరిగినవానికి మాత్రము అది నిండు భోషాణము. కావున ముందుగా ‘డి.డి.’ అను ఆజ్ఞతో డిస్కు కంతకును నకలు తీసి, పరీక్షలన్నియు ఆ నకలు మీదనే జరుపుడు. అసలు డిస్కును తీసి బీరువాలో పెట్టుడు.