గింజ మన దగ్గరుంది, పెరడేది?

(అంబేడ్కర్ జయంతి నాడు పల్లెలో జరిగిన సభలో మాట్లాడిన మాటల పాఠం)



జయంతి సభలో చిక్కుడు పాదు గురించి మాట్లాడతామంటే మన కుర్రాళ్ళు నవ్వారు. రాజ్యాంగం గురించి చెప్పండి మాస్టారూ, రిజర్వేషన్ల గురించి చెప్పండి, ఈ చిక్కుడేందన్నారు. చెప్తాం. కాస్త ఓపిక పట్టండి.

మొన్నామధ్య మూడో తరగతికి పెరటి తోట పాఠం చెబుతున్నాం. మీ ఇంటి పెరట్లో ఏమేం పెంచుతారో రాయండర్రా అన్నాం. ఊళ్ళో పిల్లలు బెండ, వంగ, కరివేపాకు అంటూ పేజీ నింపారు. మన పల్లె పిల్ల ఒకతె లేచి నిలబడి, "పెరడంటే ఏంది మాస్టారూ?" అనడిగింది. మా నోట మాట రాలేదు. ఆ పిల్ల ఇంటి వెనక గోడకీ పక్కింటి గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగితేగానీ పోలేడు. పాఠం రాసినాయనకి పెరడుంది. అందరికీ ఉంటుందనుకున్నాడు.

లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పేదలకిచ్చిన ఇళ్ళ పట్టాలు పల్లెటూళ్ళలో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నరంటే 72 గజాల పైచిలుకు. అందులోనే ఇల్లు, దొడ్డి, నీళ్ళ తొట్టి, మేకపిల్ల. ఇంక పెరడెక్కడ? ఊరు ఊరికే ఊరయిందా? దానికి పెరడుంది, కళ్ళముంది, పొలముంది. పల్లెకి మిగిలింది గోడే.

అయినా మనోళ్ళు పెంచారు. నేల లేకపోతే పైకి పెంచారు. మా అమ్మ పాక పక్కన మూరెడు గుంత తీసి నాలుగు గింజలు వేసేది. తీగ తాటాకు కప్పు ఎక్కేది. తెల్ల పూలు, వెడల్పు కాయ, గోధుమరంగు గింజ, గింజ అంచున తెల్లటి గీత. ఆ గింజలు అమ్మ పెళ్ళై వచ్చేటప్పుడు కొంగున కట్టుకొచ్చిందట. కట్నం లేదు, గింజలే. విత్తనానికి వదిలిన కాయలు గుత్తిగా కట్టి పొయ్యి పైన చూరుకి వేలాడదీసేది. పొగకి పురుగు చేరదు. ఏ అగ్రికల్చర్ కాలేజీ చెప్పింది ఆమెకి? ఆమెకి వేలిముద్రే వచ్చు.

మాఘమాసం రథసప్తమికి ఊళ్ళో చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడాకు మీద పాయసం పెడతారు. ఒక పెద్దింటోళ్ళు ఏటా మా అమ్మ దగ్గరే కాయలు, ఆకులు తీసుకునేవాళ్ళు. చేతికి అందుకోరు. అరుగు చివర పెట్టి అమ్మ వెనక్కి జరిగితే, చెంబుతో నీళ్ళు చల్లి ఎత్తుకునేవాళ్ళు. మేము పక్కనే నిలబడి చూశాం. పెంచిన చెయ్యి మైల, పెరిగిన కాయ మడి! ఇంకో సంగతి వినండి. ఈ చిక్కుడు పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడ నల్లోళ్ళు పెంచిన మొక్క. మూడువేల ఏళ్ళకి పైగా మన దక్కనులో పండుతోంది. సూర్యదేవుడి రథం ఎవరి చేతి చలవో తెలుసుకోండి.

తరవాత పాక పోయి కాలనీ ఇల్లొచ్చింది. మంచిదే, వాన కారదు. కానీ చూరు పోయింది, పొయ్యి పొగ పోయింది. డబ్బాలో పోసిన గింజ ఒక్క ఏడాదికే పుచ్చింది. ఆ తరవాత ఇరవయ్యేళ్ళకి పైగా సంతలో కొనుక్కుతిన్నాం. ఆ గింజ మళ్ళీ మా మేనత్త ఇంట్లో, కషాయం సీసాలో, బూడిదలో దొరికింది. పదకొండు గింజలు. ఏడు మొలిచాయి.

ఇప్పుడు పద్ధతి చెప్తాం, గుర్తుపెట్టుకోండి. ఆషాఢంలో వాన పడి నేల తడిశాక వెయ్యాలి. ముందు వేస్తే తీగ తాడిచెట్టంత పెరుగుతుంది, పూత రాదు. పాత రకాలకి పగటి పొద్దు తగ్గితేగానీ పూత పట్టదు. పొట్టి రకాలు వేరే ఉన్నాయి, అవి ఎప్పుడైనా కాస్తాయి, పందిరి అక్కర్లేదు. అవీ మంచివే, మనకి వాటితో పగ లేదు. గుంత మూరెడు లోతు, మూరెడు వెడల్పు. చివికిన పేడ ఎరువు సగం, మట్టి సగం. పేడ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం. మన పెద్దోళ్ళు తెల్లారకముందే ఊళ్ళో కొట్టాలు ఊడ్చి ఎత్తిపోసిన పేడ ఎన్ని బండ్లో! మన పాదుకి తట్టెడు కావాలంటే అడుక్కోవాలి. దొరక్కపోతే ఆకు, అలము, వంటింటి చెత్త కుళ్ళబెట్టండి. ఎరువు ఎక్కువైనా మంచిది కాదు, ఆకే వస్తుంది. చిక్కుడు వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలో నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తాయి.

నాలుగు గింజలు వేసి, బలమైన రెండు మొక్కలు ఉంచండి. తాడు కట్టి మిద్దె మీదకి పాకించండి. స్లాబు మీద కంపలు పరిచి దానిమీద పాకిస్తే ఎండాకు కాలదు, కింద ఇల్లూ కాస్త చల్లబడుద్ది. పేనుబంక పడితే పొద్దున్నే మంచు మీద జల్లెడ పట్టిన బూడిద చల్లండి. మరీ ముదిరితే ఆ కొస తుంచెయ్యండి. విత్తనానికి ఆఖర్న మిగిలిన గిడసబారిన కాయలు వదలొద్దు. మంచి తీగ చూసి, కాపు నడిమిలో నాలుగు గుత్తులకి గుడ్డపీలిక కట్టండి, పిల్లలు కొయ్యకుండా. కాయ తీగ మీదే ఎండి గలగలమనాలి. ఒలిచి మూడు పూటలు ఎండబెట్టి, పంటికింద కటుక్కుమంటే బూడిద, ఎండు వేపాకు కలిపి సీసాలో పోసి మూత బిగించండి. చిక్కుడు చాలావరకు తన పూతతోనే తను కాస్తుంది గనక తల్లి ఎట్టాంటిదో పిల్ల అట్టాంటిదే వస్తుంది. హైబ్రిడ్ టమాటా, మిరప అట్టా రావు. అందులో మంత్రం లేదు, రెండు రకాలు కలిపి పుట్టించిన గింజ మళ్ళీ చీలిపోతుంది. ఏటా కొనాల్సిందే.

గింజ దాచుకోవడం నేరం కాదు. 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షను చదవండి. రైతు గింజ దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు. జహీరాబాద్ వైపు దళిత ఆడోళ్ళు సంఘాలు కట్టి జొన్న, కొర్ర, కంది, అనుముల పాత విత్తనాలు నిలబెట్టారు. బీడు భూములు సాగులోకి తెచ్చారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకే వచ్చింది. వాళ్ళకి విత్తనంతోపాటు చేను కూడా దక్కింది, అది మర్చిపోవద్దు.

ఇంక నీళ్ళు. పాదుకి రోజూ బిందెడు పొయ్యాలి. బిందె అనగానే మాకు కారంచేడు గుర్తొస్తుంది. 1985లో మాదిగపల్లె తాగే చెరువులో గేదెల కుడితి బక్కెట్టు కడగొద్దన్నందుకే గదా మొదలయింది! మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఊరు మీదపడి ఆరుగురిని చంపింది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ దోసిలి పట్టింది కూడా చెరువు నీళ్ళే.

ఇప్పుడు ఆఫీసర్లు మన పల్లెకొచ్చి, రక్తహీనత ఉంది, పెరటి తోటలు పెంచుకోండమ్మా అని విత్తనాల పొట్లాలు పంచి ఫోటో దిగి పోతున్నారు. పొట్లం తీసుకోండి. తీసుకుని, ఎక్కడ వెయ్యమంటారు సార్ అని ఆ పిల్ల అడిగినట్టు అడగండి. పందిరి చూపించి పొలం ఎగ్గొడితే ఊరుకోం. బాబాసాహెబ్ 1947లోనే 'రాష్ట్రాలు, మైనారిటీలు' అనే పత్రంలో భూమి అంతా రాజ్యానిది కావాలి, కుల భేదం లేకుండా సాగుకివ్వాలి అని రాసిచ్చాడు. రాజ్యాంగంలోకి అది రాలేదు. మన ఊరి అసైన్‌మెంటు భూముల్లో ఎవరి పట్టా ఎవరి సాగులో ఉందో మనందరికీ తెలుసు. 1977లో చట్టం వచ్చినప్పుడు ఆ భూమి కొన్న కొనుగోలు చెల్లదనే రాశారు. ఆ పట్టా కాగితాలు ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. బయటికి తియ్యండి. వచ్చే ఆదివారం ఇదే చెట్టు కింద కూర్చుని నంబర్లు రాసుకుందాం, అర్జీ మేము రాస్తాం.

ఈ లోపు గింజలు. మనిషికి ఆరు. ఊరికే కాదు, అప్పు. వచ్చే జయంతికి పన్నెండు తెచ్చివ్వాలి. పురుగు పట్టి పోతే పోయాయని చెప్పండి, సిగ్గుపడొద్దు, మా ఇంట్లోనూ పోయాయి. పేర్లు రాసుకునేది పెరడంటే ఏందని అడిగిన పిల్లే, ముందు వరసలో కూర్చుంది చూడండి. పేరు, ఇంటిపేరు సరిగ్గా చెప్పండి, దాని రాత ఇంకా కుదరలేదు. వాన పడిందాకా గింజ తడపొద్దు.

జై భీమ్.